ముందు ఫ్యూజు, తర్వాతే ఫోకసు

గుంతకల్లు మీదుగా బళ్లారికి పోయే 67వ నంబరు జాతీయ రహదారిలో చీకటి పడ్డాక ఎదురొచ్చే పికప్పు బండ్లకు ఎన్ని కళ్లో లెక్కపెట్టడం కష్టం. హెడ్‌లైట్లు చాలవన్నట్టు బంపరు మీద రెండు ఫోకస్ లైట్లు, కొన్నింటికి క్యాబిన్ నెత్తిన ఎల్ఈడీ పట్టీ కూడా. అదే బండి దాటిపోయాక వెనక చూస్తే, దుమ్ము పట్టిన టెయిల్ లైటు వెలుగుతోందో లేదో పోల్చుకోవాల్సి వస్తుంది. అదనపు లైట్లు పెట్టించడం తప్పని నేననను. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసే తప్పిందంటాను. బిగించే లైటు కంటే దానికి కరెంటు తెచ్చే వైరు ముఖ్యం, ముందున్న చీకటి కంటే వెనకున్న చీకటి ప్రమాదం.

వెలుగు కావాలన్న కోరికకు కారణం లేకపోలేదు. ఉరవకొండ, విడపనకల్లు నల్లరేగడిలో పండిన మిరపకాయలు బ్యాడగి యార్డుకు చేరాలన్నా, చీనీకాయలు తెల్లారేసరికి అనంతపురం మార్కెట్లో ఉండాలన్నా బండి రాత్రే కదలాలి. దారిలో వీధిదీపాలుండవు. ఎద్దులబండికీ ట్రాక్టరు ట్రాలీకీ వెనక ఎర్రలైటు ఉంటుందన్న నమ్మకం లేదు. అయితే హెడ్‌లైటు మందగించిందని కొత్త లైటు కొనేముందు, అది ఎందుకు మందగించిందో అడగాలి. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. సన్నబడిన వైరు, మాడిన స్విచ్చు, తుప్పుపట్టిన ఎర్త్ కలిసి ఆ పదో వంతును సులువుగా మింగేస్తాయి. ఆ వైరుకే మరో రెండు లైట్లు తగిలించడమంటే, తూము పూడిన చెరువు కింద ఇంకో రెండు మళ్లు నాటడమే.

లెక్క చిన్నదే. 55 వాట్ల లైట్లు రెండు కలిస్తే 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 9 ఆంపియర్లకు పైమాటే. డ్యాష్‌బోర్డులోని చిన్న స్విచ్చు అంత కరెంటును రోజూ మోయలేదు. అందుకే రిలే. స్విచ్చు రిలేలోని కాయిల్‌ను మాత్రమే మేల్కొలుపుతుంది, అసలు బరువు రిలే మోస్తుంది. 30వ నంబరు పిన్నుకు బ్యాటరీ నుంచి వైరు, 87 నుంచి లైట్లకు, 85, 86 కాయిల్‌కు. లైట్ల దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు. ఎర్త్ వైరును పెయింటు మీద బిగిస్తే లాభం లేదు, ఇనుము తెల్లగా కనిపించేదాకా గీకి బోల్టు వేయాలి. ఫ్యూజు లైటును కాపాడేందుకని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. రేకు అంచుకు రాసుకుని తొడుగు చిరిగిన వైరు బాడీకి తగిలితే, ఫ్యూజు లేనిచోట అది ఎర్రగా కాలుతుంది. ఆ బండిలో ఉన్నది శనక్కాయ కట్టె అయితే, ఎండాకాలం నలభై డిగ్రీల వేడికి పెళపెళలాడే ఆ మేతకు ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎల్ఈడీలకు కరెంటు తక్కువే కదా, ఇంత తతంగం దేనికని అడగొచ్చు. సగం నిజమే. 18 వాట్ల చిన్న లైటు తీసుకునేది ఒకటిన్నర ఆంపియరు, దానికి రిలే అక్కర్లేకపోవచ్చు. కానీ వైరు చిరిగితే పారే కరెంటు లైటును బట్టి ఉండదు, బ్యాటరీని బట్టి ఉంటుంది. కాబట్టి ఫ్యూజుకు మినహాయింపు లేదు. పైగా 120 వాట్ల పట్టీ బిగిస్తే మళ్లీ పది ఆంపియర్ల లెక్కే. ఖర్చు మాటకొస్తే, రిలే, ఫ్యూజు, నాలుగు బారల వైరు కలిపినా మాడిన వైరింగంతా మార్చే ఖర్చు ముందు లెక్కలోకి రావు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: ఎదుటివాడు డిమ్ చేయడు, మనమెందుకు తగ్గాలి? గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కళ్లు బైర్లు కమ్మిన డ్రైవరు మూడు సెకన్లు చూపు లేకుండా 50 మీటర్లు వస్తాడు, వచ్చేది మనవైపే. పంతానికి పోతే నష్టం ఇద్దరిదీ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989 కూడా ముందు లైటు కిరణం కిందికి వంగి ఉండాలనీ, అనుమతి లేకుండా ముందు స్పాట్‌లైటు పెట్టకూడదనీ చెబుతున్నాయి. మన దుమ్ము దారుల్లో నెత్తిన పెట్టిన పట్టీ వెలుగు ఆ దుమ్ముకే తగిలి డ్రైవరు కళ్లలోకి తిరిగొస్తుంది కూడా.

అందుకే మొదటి రూపాయి వెనక ఖర్చుపెట్టండి. రెండు టెయిల్ లైట్లూ వెలగాలి, ఎర్ర రిఫ్లెక్టర్లు శుభ్రంగా ఉండాలి, రివర్స్‌లోనూ లోడు దించేటప్పుడూ కింద నేల కనబడేలా ఒక లైటు ఉండాలి. ఆ తర్వాత పాత హెడ్‌లైట్ల వైరు, ఎర్త్ సరిచేయించండి. అప్పటికీ చాలకపోతే ఫోకస్ లైటు సంగతి ఆలోచించవచ్చు. ఈ రాత్రి లైట్లు వేసి బండి దిగి, వెనక్కి యాభై అడుగులు నడిచి ఒకసారి తిరిగి చూడండి. మీ వెనక వచ్చే లారీ డ్రైవరుకు కనబడేది అదే.