పాలు పోసే స్త్రీ: ఇంటిపనిలో సౌందర్యం

1. పరిచయం

దేవతలు, రాజులు, యుద్ధాలు మాత్రమే గొప్ప చిత్రాలకు తగిన వస్తువులని ఐరోపాలో చాలాకాలం భావించారు. 17వ శతాబ్దపు హాలెండులో ఆ అభిప్రాయం సడలింది. మచిలీపట్నంలో వ్యాపారం చేసిన డచ్చివారి దేశమే అది. అక్కడ వంటగది, ఇల్లు ఊడవడం, లేసు అల్లడం కూడా చిత్రాలకు ఎక్కాయి. అలాంటి వాటిలో ప్రసిద్ధమైనది యోహానెస్ వెర్మీర్ (1632–1675) సుమారు 1657–58లో డెల్ఫ్ట్ నగరంలో గీసిన ‘పాలు పోసే స్త్రీ’. ప్రస్తుతం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. దాని ఎత్తు 45.5, వెడల్పు 41 సెంటీమీటర్లు మాత్రమే. మన ఇళ్లలో గోడకు వేలాడే క్యాలెండరుకన్నా పెద్దదేమీ కాదు.

2. చిత్రంలో ఏముంది?

ఎడమవైపు కిటికీ ఉంది. దాని అద్దాల్లో ఒకటి పగిలింది. బల్లమీద రొట్టెలున్నాయి. ఒక పనిమనిషి మట్టి కూజాలోంచి మరో మట్టిపాత్రలోకి పాలు పోస్తోంది. ఆమె మనవైపు చూడదు. చూపంతా పాలధార మీదే ఉంది. చిత్రం మొత్తంలో కదులుతున్నది ఆ సన్నని ధార ఒక్కటే. దాలిలో కాగిన పాలను మీగడ జారకుండా వంచేటప్పుడు చేయి ఎంత నిలకడగా ఉండాలో మీకు తెలుసు. వెర్మీర్ పట్టుకున్నది ఆ నిలకడనే.

ఇప్పుడు వెనుక గోడను గమనించండి. ఖాళీగా ఉన్నట్లనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ఒక మేకు, మేకులు ఊడిన చిల్లులు కనిపిస్తాయి. ఆ గోడమీద వెర్మీర్ మొదట కూజాలు తగిలించే చెక్కను గీయబోయి, తరువాత రంగుతో కప్పివేశాడని 2022లో మ్యూజియం పరిశోధకులు వెల్లడించారు. మన చూపును మళ్లించే వస్తువును తీసేసి, మేకు చిల్లులను మాత్రం ఉంచాడన్నమాట.

3. ఒక విద్యార్థిని ప్రశ్న

కొన్నేళ్ల క్రితం మిర్యాలగూడలో ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఈ చిత్రం చూపించి, కిటికీ వెలుగు గురించి చాలాసేపు మాట్లాడాను. తెల్లవారుజామున బర్రెల పాలు పిండి, కేంద్రంలో పోసి, త్రిపురారం నుంచి బస్సెక్కి వచ్చిన ఒక విద్యార్థిని లేచి అడిగింది: “ఆమెకు నెలకు ఎంత జీతమిచ్చేటోళ్లు సార్?”

తరగతి నవ్వింది. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ వెలుగు గురించే చెప్పుకుపోయాను. అది నా తప్పు. ఆమె ప్రశ్న చిత్రానికి బయటిది కాదని తరువాత గ్రహించాను.

ఆ పనిమనిషి చేతులు చూడండి. రవిక చేతులు పైకి మడిచింది. ముంజేయి ఎండకు కమిలింది. పై భాగం తెల్లగా ఉంది. అందం కోసం వెర్మీర్ ఆ తేడాను చెరిపేయలేదు. నేలమీద కాళ్లు వెచ్చబెట్టుకునే నిప్పుల పెట్టె ఉంది. అంటే ఆ గది చల్లనిది. ఇక ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ నీలం చూడండి. ఆ రంగు ఆఫ్ఘనిస్థాన్ ప్రాంతపు లాపిస్ లాజులి రాయి నుంచి తీసేవారు. అది చాలా ఖరీదైనది. ఐరోపా చిత్రకారులు దాన్ని తరచుగా మేరీమాత వస్త్రాలకు వాడేవారు. వెర్మీర్ ఆ రంగును వంటింటి గుడ్డకు వాడాడు.

4. సారాంశం

ఆమె జీతమెంతో చిత్రం చెప్పదు. ఆమె పేరు కూడా చెప్పదు. ఎంత అందమైనా చిత్రం ఆ లోటును పూడ్చలేదు. విమర్శకులు ఆ సంగతి దాచకూడదు. అయితే ఆమె పాలధార మీద పెట్టిన శ్రద్ధనే చిత్రకారుడు ఆమె మీద పెట్టాడు. కమిలిన చేతిని కమిలినట్లే చూపాడు, దాని పక్కనే తన దగ్గరున్న విలువైన రంగును ఉంచాడు. ఈ చిత్రంలోని సౌందర్యం అక్కడుంది. వెలుగును మెచ్చుకుంటూనే జీతం గురించి అడగగలిగినవారే దీన్ని పూర్తిగా చూసినట్లు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

మీ ఇంట్లో రోజూ జరిగే ఒక పనిని ఎంచుకోండి. అది చేసే చేతులను గమనించి పది వాక్యాలలో వర్ణించండి. ఆ పనికి దక్కుతున్న ప్రతిఫలమేమిటో చివరి వాక్యంలో రాయండి.