ఆపిందెవరు?

ఇంట్లో కంప్యూటర్‌కి యాంటీవైరస్ ఆగిపోయిందని ఎవరైనా పిలిస్తే, వెళ్లగానే దాన్ని ఆన్ చేయను. ఎలా ఆగిందో ముందు చూస్తాను. ఆన్ చేయడం రెండు క్లిక్కుల పని, ఆ ఇంట్లోవాళ్లు అప్పటికే చేసి చూసి ఉంటారు కూడా. మర్నాటికి మళ్లీ ఆగిపోతుంది. అప్పుడే మనకి ఫోన్ వస్తుంది.

షాలిమార్‌లో నాకు తెలిసిన తెలుగు ఇళ్లన్నీ దాదాపు రైల్వేతో వచ్చినవే. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ చేరి, అక్కణ్నుంచి హుగ్లీ ఒడ్డున ఉన్న ఈ గూడ్స్ యార్డుకి వచ్చి నిలదొక్కుకున్నవాళ్లు. ఒకప్పుడు షాలిమార్ అంటే వ్యాగన్లే. ఇప్పుడు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలన్నా, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలన్నా ఇక్కడికే రావాలి. ఆ ఇళ్లలో ఒకటి, సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగి రిటైరైన పెద్దాయనది. నేను మావయ్యా అని పిలుస్తాను. పింఛను లెక్కలు, విశాఖలో ఉన్న కూతురితో వీడియో కాల్, నవంబరు వస్తే జీవన్ ప్రమాణ్ పత్రం... ఆయనకి అన్నిటికీ ఆ ఒక్క లాప్‌టాప్పే.

"ఏటి బాబూ ఇది! మొన్నటిదాకా ఎర్రగా గుర్తు వచ్చీది. షాపులో ఇత్తే పచ్చగా చేసి ఇచ్చినాడు. అయినా బేంకు పేజీ తెరిత్తే ఇంకేదో తెరుచుకుంటంది" అన్నారు.

పచ్చ గుర్తు ఉన్న మాట నిజమే. విండోస్ సెక్యూరిటీ తెరిస్తే ఎక్కడా లోపం కనబడదు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ నడుస్తోంది, దాని అప్‌డేట్లు కూడా తాజాగా ఉన్నాయి. అదే పేజీలో బాగా కిందికి, సెట్టింగ్స్ లోపలికి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ అని ఒక జాబితా ఉంటుంది. ఫలానా ఫోల్డర్ జోలికి వెళ్లొద్దని డిఫెండర్‌కి చెప్పే చోటు అది. మామూలు ఇళ్లలో ఆ జాబితా ఖాళీగా ఉండాలి. మావయ్య లాప్‌టాప్‌లో అక్కడ ఒకే ఒక్క వరస ఉంది: సి డ్రైవ్. విండోస్ ఉన్నదీ, ప్రోగ్రాములు ఉన్నదీ, ఆయన డౌన్‌లోడ్లన్నీ దిగేదీ అందులోనే. కాపలాదారు ఉద్యోగంలోనే ఉన్నాడు, చూడాల్సిన చోటు మాత్రం చూడొద్దని చెప్పి కూర్చోబెట్టారు.

అందుకే నాకు ఎర్ర గుర్తు కంటే ఇలాంటి పచ్చ గుర్తంటేనే ఎక్కువ భయం. ఎర్రది కనీసం నిజం చెబుతుంది.

ఆపే దార్లు ఇంకా ఉన్నాయి. లాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చిన యాంటీవైరస్ గడువు ముగిసినా తొలగించకపోతే, అదే కాపలా కాస్తోందనుకుని డిఫెండర్ పక్కకి తప్పుకునే సందర్భాలున్నాయి. కొన్నిసార్లు స్విచ్ మసకబారి, ఈ సెట్టింగ్ మీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉందన్న సందేశం వస్తుంది. ఆఫీసులో అయితే అడ్మినిస్ట్రేటర్ ఉంటాడు, ఇంట్లో ఎవరున్నారు? ఎవరో, ఏదో, రిజిస్ట్రీలో డిఫెండర్‌ని ఆపమని ఒక పాలసీ రాసిపెట్టారన్నమాట. ఈ ఎత్తు చాలా ప్రోగ్రాములు వాడుతున్నాయని తెలిసి, 2020లో మైక్రోసాఫ్ట్ ఇంటి కంప్యూటర్లలో ఆ పాత పాలసీ మాట వినడం డిఫెండర్‌కి మాన్పించింది. అంతకుముందే 2019లో ట్యాంపర్ ప్రొటెక్షన్ అనే స్విచ్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే బయటి ప్రోగ్రాములు కాపలాని ఆపలేవు. మనిషి కూర్చుని ఆపితే మాత్రం ఆగుతుంది.

ఇక్కడ జరిగిందీ అదే. షాపులో విండోస్ ప్రో దొంగ కాపీ వేశారు. దానికి లైసెన్స్ ఉన్నట్టు నమ్మించే యాక్టివేటర్ ఒకటి వేశారు. అలాంటివాటిని డిఫెండర్ బతకనివ్వదు. దాంతో ముందు డిఫెండర్‌ని ఆపి, యాక్టివేటర్ వేసి, మళ్లీ పట్టుకోకుండా డ్రైవ్ మొత్తాన్ని జాబితాలో పెట్టేశారు. ఆ యాక్టివేటర్ వెంట ఇంకేం వచ్చిందో, బేంకు పేజీని పక్కదారి పట్టించింది ఏదో, వేసినవాడికీ తెలిసి ఉండదు.

ఇదంతా చెబితే మావయ్యకి కోపం వచ్చింది. సిగ్నల్ లెక్క చెప్పారు. పాత చేతి సిగ్నళ్లకి కేబిన్ నుంచి తీగ ఉంటుంది. ఆ తీగ తెగితే బరువు లాగి చెయ్యి దానంతటదే 'ఆగు' స్థానానికి వచ్చేస్తుంది. రాత్రి దీపం ఆరిపోయినా డ్రైవర్ ఆగాల్సిందే. చెడిపోతే బండి ఆగాలి గానీ సాగకూడదన్నది రైల్వేలో మొదటి పాఠం. "మరి ఇది చెడిపోతే బండి పోతానే ఉంటాది గదా బాబూ" అన్నారు. నేను ఇన్నాళ్లుగా జనానికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పారు. ఇంటి కంప్యూటర్‌లో కాపలా ఆగితే పాట ఆగదు, వీడియో ఆగదు, బేంకు పేజీ కూడా ఆగదు. అందుకే నెలల తరబడి ఎవరికీ తెలియదు.

2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ పురుగు సరిగ్గా ఇలా కాపలాని ఆపే పనే చేసింది. విండోస్ అప్‌డేట్‌నీ డిఫెండర్‌నీ ఆపేసి, యాంటీవైరస్ కంపెనీల సైట్లు తెరుచుకోకుండా అడ్డుకుంది. అన్ని సైట్లూ తెరుచుకుని, మందు దొరికే సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే నేను ఇప్పటికీ ముందు అటే అనుమానిస్తాను. దొంగ కాపీ వేసినచోట అప్‌డేట్లు కూడా ఆపేస్తుంటారు. దానికి చెల్లించుకోవాల్సిన ధర ఏమిటో 2017లో దేశమంతా చూసింది. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది. అది వేసుకోని యంత్రాల మీద మే 12న వాన్నాక్రై రాన్సమ్‌వేర్ పడింది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు, ఇక్కడ పశ్చిమ మేదినీపూర్‌లో విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. మన రెండు రాష్ట్రాలూ ఒకే వారంలో.

మావయ్య లాప్‌టాప్‌కి ముందు నెట్ తీసేశాను. ఫొటోలు, కాగితాలు వేరే డ్రైవ్‌లోకి తీశాను, ప్రోగ్రాములు ఒక్కటీ తీయలేదు. జాబితా ఖాళీ చేసి, ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్ చేసి, ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. విండోస్ లేవకముందే నడిచే స్కాన్ కాబట్టి, లోపల దాక్కున్నది తనని తాను కప్పిపుచ్చుకోవడం కష్టం. పావుగంటలో యాక్టివేటర్‌తో పాటు మరికొన్ని దొరికాయి. చాలామంది ఇక్కడితో సరిపెడతారు. పింఛను డబ్బు వచ్చిపోయే యంత్రం విషయంలో నేను సరిపెట్టను. అన్నాళ్లు కాపలా లేని ఇంట్లో దొరికినవే మొత్తమని ఎవరు చెప్పగలరు? అంతా తుడిచి కొత్తగా వేయాల్సిందే.

నా మనసు కలుక్కుమన్నది అప్పుడే. ఆ లాప్‌టాప్ కంపెనీ నుంచి విండోస్ 10 హోమ్‌తో వచ్చింది. అలాంటివాటికి లైసెన్స్ తాళం మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, యంత్రం తట్టుకోగలదని చూసుకుని 11 హోమ్ వేశాను. నెట్ తగలగానే ఏమీ అడక్కుండానే యాక్టివేట్ అయింది. మావయ్య ఎప్పుడో డబ్బిచ్చి కొనుక్కున్న అసలు లైసెన్స్ అక్కడే ఉండగా, దాని మీద దొంగది వేసి, దానికోసం ఇంటి తలుపు తీసిపెట్టారు.

కాపలా నిజంగా మేలుకుందో లేదో చూడ్డానికి ఐకార్ పరీక్ష చేశాను. 68 అక్షరాల చిన్న పాఠ్యం అది. ఎవరికీ హాని చేయదు. దాన్ని చూస్తే వైరస్‌ని చూసినట్టే స్పందించాలని యాంటీవైరస్ తయారీదారులు ఒప్పుకున్నారు. నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ చేసేసరికి డిఫెండర్ పట్టుకుంది. బేంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు అప్పుడు మార్చాం, అవీ మావయ్య కోడలి ఫోన్ నుంచి. డబ్బు పోలేదు. పోయి ఉంటే మొదటి పని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడమే.

మావయ్యకి షాపు బిల్లు చూపించమన్నాను. 'ఓఎస్ ఇన్‌స్టాల్' అని ఒక్క ముక్క రాసి ఉంది. కలకత్తా చాందినీ మార్కెట్‌లోనైనా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులోనైనా ఈ పని చేసే తమ్ముళ్లని నేను అడిగేది ఆ బిల్లులో ఇంకో వరస. ఏది ఆపారో, దేన్ని చూడొద్దన్నారో రాసివ్వండి. మీ చేతుల్లో ఉన్న యంత్రంలో ఒక ఇంటి పింఛను ఉంది. ఆ వీధిలో ఇంకొన్ని ఇళ్లవాళ్లు కూడా అదే షాపులో చేయించుకున్నారట. ఆదివారం మావయ్యే నన్ను వాళ్ల దగ్గరికి తీసుకెళ్తానన్నారు.