సగటున కందని కణము

కుప్పమున వైద్యవిద్య నభ్యసించుచున్న పాఠకురా లొకరు ఈ వారము వ్రాసిన లేఖ నాకు మిక్కిలి సంతోషము గూర్చినది. సగటులెక్కలతో నాకు గల చిరకాల వైరమును ఆమె యెరుగుదురు. మండలపు సగటు వర్షపాతమును చూపి, చినుకైన పడని పల్లెకు పరిహారము నిరాకరించుట యెంతటి అన్యాయమో ఈ శీర్షికలో పలుమారులు వ్రాసియుంటిని. ఆ వాదమునకు సాక్ష్యము పలుకదగిన యంత్ర మొకటి తన పాఠములలో కనబడినదనియు, దాని పేరు ఫ్లో సైటోమీటర్ అనియు, దానిని గూర్చి నేనింతవరకు వ్రాయకుండుట తగదనియు ఆమె మందలించినారు.

కొద్దిపాటి నెత్తురునకు, మెరయు రంగుల నతికించిన యాంటీబాడీలను కలిపి, కాసేపు చీకటిలో నుంచి, ఎర్రకణములను కరిగించి, మిగిలినదానిని ఆ యంత్రమున కందించినచో, చుట్టును వడిగా పారు మరియొక ద్రవము దానిని సన్నని ధారగా నొత్తి, కణము వెనుక కణమును లేజరు కాంతికి ఎదురుగా నడిపించును. ముందునకు చెదరిన వెలుగు కణము పరిమాణమును, ప్రక్కకు చెదరినది దాని అంతర్నిర్మాణమును సూచించును. రంగుల మెరుపు దాని పైపొర మీద ఏ గుర్తులున్నవో తెలుపును. సెకనునకు వేలకొలది కణము లీవిధముగా పరీక్షింపబడి, ఒక్కొక్కటి తెరపై ఒక్కొక్క చుక్కయై నిలుచును. మదనపల్లె మండీలో పై వరుస కాయలను చూచి టమోటా పెట్టె మొత్తమునకు ధర కట్టుదురు. ఈ యంత్రము అడుగున నున్న కాయను సైతము చేతబట్టి చూచును. లక్ష మంచి కణముల నడుమ దాగిన కొద్దిపాటి దుష్టకణములను, సగటు కప్పివేయువానిని, ఇది పట్టి చూపగలదు. రక్తపు క్యాన్సరు ఏ తెగకు చెందినదో వైద్యులు తేల్చుకొనుట చాలవరకు దీని సాయముననే.

కణములను ఒకటొకటిగా గొట్టమున నడిపి కాంతితో లెక్కింపవచ్చునని 1934లో మోల్డవాన్ అను శాస్త్రజ్ఞుడు సూచించెను. 1965లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్వైలర్, సిరాబిందువులను విద్యుత్తుతో ప్రక్కకు మరల్చు ఉపాయమును గ్రహించి, కోరిన కణమున్న బిందువును వేరుపరచు యంత్రమును నిర్మించెను. స్టాన్‌ఫర్డ్‌లో లెన్ హెర్జెన్‌బర్గ్ బృందము దానికి రంగుల మెరుపును జోడించెను. ఆడుదూడ నిచ్చు వీర్యకణమును మగదూడ నిచ్చు దానినుండి ఏరుటకును నేడు ఇదియే ఆధారము; పశువులలో మొదటిదానియందు డీఎన్ఏ సుమారు 4 శాత మధికము. పుంగనూరు పొట్టి ఆవులకును ఈ విద్య నుపయోగింపుడని కొందరు నాతో ననుచుందురు గాని, అరుదైన జాతికి ఆడుదూడలతోపాటు వేర్వేరు వంశముల ఆంబోతులును దక్కవలె ననియే నా పట్టు.

ఒక్కొక్కరిని విడివిడిగా చూచుట యనగానే నా మనస్సు మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరమునకు పోవును. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ గత శతాబ్ది రెండవ దశాబ్దమున అక్కడ నెలకొల్పిన క్షయరోగ శానిటోరియము పేరు వినని ఇల్లు మా ప్రాంతమున లేదు. దేశమున బీసీజీ టీకాకు 1948లో తొలి ప్రయోగభూమి మదనపల్లెయే. అటుపిమ్మట 1950 నుండి 1955 వరకు, ఆయన కుమారుడు యోహానెస్ నాయకత్వమున, చుట్టుపట్ల పల్లెలలో ఇల్లిల్లు తిరిగి, జనులను పేరుపేరున నమోదు చేసికొని, ట్యుబర్క్యులిన్ సూది వేసి, రొమ్ము ఎక్స్‌రే తీసి, మరల మరల వచ్చి పరీక్షించిరి. మా పెద్దమ్మ అప్పటికి చిన్నపిల్ల. సూది వేసినవారు మూడవనాడు మరల వచ్చి, ముంజేతి మీది వాపును స్కేలుతో కొలిచి, ఆమె పేరున కెదురుగా అంకె వ్రాసికొనిరట. ముదిమిలో సైతము ఆ చేతిని నిమురుకొనుచు, “పేరు పెట్టి పిలిచి చెయ్యి చూసినారు నాయనా, మమ్మల్ని అంతకుముందు ఎవురు పేరు పెట్టి పిలిచినారు?” అనెడిది. సగటులపై నా వైరమునకు మూలము బహుశః ఆ మాటయే. అయితే ఆ కొలత పని పలకరింపుతో ముగియలేదు. వాపు లేనివారికే టీకా, ఉన్నవారికి అక్కరలేదని అది తీర్పు చెప్పెడిది. 1960ల దశాబ్దమున ఆ ముందు పరీక్షను విడిచి నేరుగా టీకా వేయసాగిరి. నేటి పసికందునకు ముందుగా చేయి కొలుచువారు లేరు.

లేఖకు జవాబు వ్రాయబోవుచుండగా నన్ను నిలిపినది, కొలత ఇట్లు తీర్పుగా మారు విషయమే. హెచ్ఐవీ నశింపజేయు సీడీ4 కణములను లెక్కించుటయే ఫ్లో సైటోమీటర్ మన సామాన్యజనులకు చేసిన పెద్ద సేవ. 2004 ఏప్రిల్ 1న మన దేశమున ఉచిత ఔషధము లారంభమైనప్పుడు, ఇతర వ్యాధిలక్షణములు ముదరని రోగికి మందు దొరకుట ఆ లెక్కపై నాధారపడెను. మైక్రోలీటరునకు 200 అను గీత క్రిందికి దిగినవారికి మందు. 210 ఉన్నవానికి మరికొన్ని నెలల నిరీక్షణ. అదే మనుష్యుని సీడీ4 లెక్క ఉదయమున కొంత తక్కువగాను సాయంకాలమున ఎక్కువగాను ఉండును. జలుబు చేసినను మారును. తెరపై చుక్కల గుంపు చుట్టును గీత గీయు చేతిని బట్టియు కొంత మారును. ఇంతకు 200 అను గీత వచ్చినది ఎచ్చటినుండి? వేలమంది రోగుల అనుభవమును కూడి భాగించిన లెక్కలనుండియే గదా! కణమును ఒంటరిగా చూచిన యంత్రము, మనుష్యుని మాత్రము సగటుగీత ముందు నిలువబెట్టినది.

ఆ గీతను చెరపివేసినది మరల సగటే యనుట నేను దాచరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతను 2010లో 350కి, 2013లో 500కి జరిపెను. 35 దేశములలో, సీడీ4 లెక్క 500 దాటియున్న 4,685 మందిని రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపునకు వెంటనే మందిచ్చి, రెండవదానికి ఆలస్యముగా నిచ్చి చూచిన స్టార్ట్ పరిశోధన, వెంటనే మందు పొందినవారిలో తీవ్రవ్యాధియు మరణమును కలిసి సగమునకు పైగా తగ్గినవని 2015లో తేల్చెను. ఏ ఒక్క రోగిని ఎంత సూక్ష్మముగా పరీక్షించినను ఈ సత్యము బయటపడియుండదు. గుంపును గుంపుతో పోల్చినప్పుడే అది కనబడెను. ఆ యేడే సంస్థ గీతను తొలగించెను. 2017లో మన దేశమును అనుసరించెను. నేడు వ్యాధి నిర్ధారణయైన ప్రతివానికిని, లెక్క ఎంతైనను, మందు కలదు.

అట్లని యంత్రమును మూల పెట్టరాదు. తొలిసారి వచ్చిన రోగి లెక్క 200కు దిగువ నున్నచో, దగ్గు లేకున్నను అతనియందు క్షయను వెదుకవలెను, మెదడు పొరలకు సోకు శిలీంధ్రమును వెదుకవలెను. అతనికి ఆ అంకె ఆయువుపట్టు. నెత్తురు తీసిన గొట్టమైనచో ఒకటి రెండు దినములకు మించి నిలువదు, ఆలస్యమైనకొలది కణములు చెడిపోవును. కుప్పమువంటి సరిహద్దు ఊళ్లనుండి గొట్టములు రైలు మీదనో బస్సు మీదనో పోవలసివచ్చినప్పుడు, నెత్తురు తీసిన గంటయు యంత్రము చదివిన గంటయు రోగి చీటీపై ప్రక్కప్రక్కన వ్రాయవలెను. ఆ రెండు గంటలు లేని అంకెను వైద్యులు అంగీకరింపరాదని నా అభిప్రాయము.