సెస్సు అందరిదీ, సమాచారం కొందరిదీ: పౌర గ్రంథాలయాలూ దళితుల వ్యాపారమూ

మన గ్రంథాలయోద్యమ చరిత్రలన్నీ దాదాపు ఒక్క తీరుగానే నడుస్తాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914లో అదే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ, ఆ తర్వాత అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి నాగభూషణం. వాళ్ళ కష్టాన్ని ఎవరూ తక్కువ చెయ్యనక్కర్లేదు. అయితే ఆ చరిత్రలు అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పుస్తకాలు ఎవరి ఏ అవసరం తీర్చడానికి? భాష వెలగాలి, జాతి మేలుకోవాలి, స్వరాజ్యం రావాలి, సరే. తోలు ఏ ఊళ్ళో ఏ ధర పలుకుతోందో, సర్కారు చెప్పుల టెండరు ఎప్పుడు పిలుస్తోందో తెలుసుకోవాలన్నవాడికి ఆ అలమరల్లో ఏముంది?

1914 సభ జరిగిన మూడేళ్ళకి, 1917లో, అదే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఇంకో సభ జరిగింది. మమ్మల్ని పంచములనొద్దు, మేం ఆది ఆంధ్రులం అని చెప్పుకున్న సభ అది. ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో జరిగిన ఈ రెండు సభల్నీ పక్కపక్కన పెట్టి చదవడం మనకి అలవాటు కాలేదు. చదివితే తెలిసేది ఏందంటే, గ్రంథాలయం ఊళ్ళో పుట్టింది, ఆత్మగౌరవం వాడలో పుట్టింది. ఊరికీ వాడకీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం. దీన్ని నేను సాహిత్యం వైపునుంచి గాక వ్యాపారం వైపునుంచి చూస్తున్నాను. ఎందుకంటే కులం ఎట్లా పనిచేస్తుందో వ్యాపారంలో కనబడినంత తేటగా ఇంకెక్కడా కనబడదు.

వ్యాపారానికి ముందు డబ్బు కావాలంటారు. డబ్బుకన్నా ముందు కావాల్సింది సమాచారం. కాంట్రాక్టరు ఇంట్లో పుట్టిన పిల్లవాడికి టెండరు, ధరావతు, బిల్లు అనే మాటలు అన్నం తినే కాడనే చెవిన పడతాయి. షాపు ఉన్నోళ్ళ పిల్లకి అరువెంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో గల్లాపెట్టె పక్కన కూర్చునే తెలుస్తుంది. బ్యాంకు మేనేజరు వాళ్ళకి పెళ్ళిలో కలుస్తాడు. ఆడిటరు మేనమామ అవుతాడు. వీళ్ళకి పౌర గ్రంథాలయం అక్కర్లేదు, కులమే వీళ్ళ గ్రంథాలయం. అందులో సభ్యత్వం పుట్టుకతో వస్తుంది. వీటిల్లో ఒక్కటీ లేనివాడు వ్యాపారం పెడితే, నష్టపోయినాక దాన్ని వాడి తెలివితక్కువతనం కింద జమకడతారు. 'వాళ్ళకి వ్యాపారం చేతగాదు' అనే మాట అక్కడ్నించే పుడుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది గాదు. 2005 ఆర్థిక గణన ఆధారంగా లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వార్ష్నే చేసిన పరిశోధన ప్రకారం, జనాభాలో 16.4 శాతం ఉన్న షెడ్యూల్డు కులాల చేతిలో దేశంలోని సంస్థల్లో 9.8 శాతమే ఉన్నాయి. ఆ ఉన్నవి కూడా మిగతావాటికంటే చిన్నవి, ఇంటి మనుషుల కష్టం మీద నడిచేవి. ఇంత తేడాకి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణమంటే, డబ్బిచ్చే పథకాలు వచ్చినాక తేడా తగ్గాలి గదా? పథకాలు వచ్చినాక ఏం జరిగిందో చూద్దాం.

2016 ఏప్రిల్‌లో స్టాండప్ ఇండియా వచ్చింది. 10 లక్షల నించి కోటి రూపాయల దాకా అప్పు, ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో, అట్లాగే ఒక మహిళకీ ఇవ్వాలన్నారు. కంపెనీ అయితే అందులో 51 శాతం వాటా వాళ్ళదై ఉండాలన్నారు. ఈ 51 అంకె కాగితం మీద ఎంత గట్టిదో బయట అంత మెత్తది. రూల్సు తెలిసిన ఆసామి, తెలియని దళితుడి సంతకం తీసుకుంటే సరిపోతుంది. బినామీ అనేది మోసగాడి తెలివికన్నా ముందు మనోడికి కాగితం మీద ఏముందో తెలియకపోవడం వల్ల సాగే వ్యవహారం.

2012లో కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థల నించి సరుకు కొనే విధానం తెచ్చింది. కేంద్రప్రభుత్వ శాఖలూ సంస్థలూ కొనేదాంట్లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నించే కొనాలి. ఆ శాఖలు ఆ 4 శాతాన్ని అందుకోలేకపోతున్నాయని వాళ్ళ లెక్కలే చెబుతాయి. అడిగితే 'అమ్మేవాళ్ళు దొరకడం లేదు' అంటారు. ఈ విధానం కింద చిన్న సంస్థకి టెండరు ఫారం ఉచితమనీ, ధరావతు కట్టనక్కర్లేదనీ ఎంతమంది దళిత ఉత్పత్తిదారులకి తెలుసు? అమ్మేవాడు దొరకడం లేదని శాఖ అంటుంది, కొనేవాడు లేడని మనోడు అంటాడు. ఇద్దరి మధ్యా ఉండాల్సింది ఒక కాగితం. దాన్ని తెలుగులో రాసి వాడ దాకా చేర్చే పని ఎవరిదో ఎక్కడా రాయలేదు.

2021లో తెలంగాణలో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టనక్కర్లేకుండా ఇచ్చారు. అప్పుల ఉచ్చు లేని డబ్బు గాబట్టి మిగతా పథకాలకన్నా ఇది మేలైన ఆలోచన. అయితే చాలామంది కార్లు, ట్రాక్టర్లు, రవాణా బండ్లు అడిగారు. దాన్ని చూసి నవ్వినోళ్ళు ఉన్నారు. నవ్వాల్సింది ఏముంది? స్టీరింగు పట్టడం తెలిసినవాడు కారే అడుగుతాడు. ఇంకో పని కూడా చెయ్యొచ్చనీ, దానికి పెట్టుబడి ఇంత, మార్కెట్టు ఫలానా చోట, ఇప్పటికే చేస్తున్నవాళ్ళు వీళ్ళు అనీ చెప్పే చోటు ఒక్కటన్నా మండలంలో ఉందా? పథకం డబ్బు చేతికిచ్చింది, ఆలోచించుకోడానికి కావాల్సిన సరంజామా ఇవ్వలేదు. ఒకే ఊళ్ళో అందరూ ఒకే రకం బండ్లు కొంటే కిరాయి ఎవరికి గిట్టుబాటవుతుంది?

ఇక్కడ గ్రంథాలయం సంగతికి రావాలి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, రూపాయికి 8 పైసలు. మాలపల్లెలో రేకుల ఇంటికి పన్ను కట్టేవాడు కూడా ఈ సెస్సు కడతాడు. పంచాయతీలూ మునిసిపాలిటీలూ వసూలు చేసిన సెస్సుని జిల్లా గ్రంథాలయ సంస్థకి పూర్తిగా జమచెయ్యకపోవడం, సంస్థల్లో ఏళ్ళ తరబడి ఖాళీలు నింపకపోవడం అందరికీ తెలిసిన కతే. ఆ పోరాటం వేరే చెయ్యాలి. ఇప్పుడు నేనడిగేది, ఆ వచ్చిన కాస్త డబ్బుతో నడిచే గ్రంథాలయం ఎవర్ని తన పాఠకుడిగా ఊహించుకుంటోంది అని.

పొద్దున పేపరు చదివే రిటైరయిన పెద్దమనిషి ఒకడు. పోటీపరీక్షలకి చదివే నిరుద్యోగి ఇంకొకడు. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పోతే కుర్చీ దొరకదు. అక్కడ గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నోళ్ళలో మన పిల్లలు ఉన్నారు. వాళ్ళ కుర్చీ లాగేసి ఇంకెవరికో ఇమ్మని నేననను, ఆ ఉద్యోగం మన హక్కు. కానీ ఉద్యోగాల సంఖ్యని 1991 తర్వాత సర్కారే కుదించుకుంటూ పోతోంది. పరీక్ష తప్పినవాడు ఆ గేటు దాటి బయటికి వచ్చినాక ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం లోపల లేదు. నవలలున్నాయి, శతకాలున్నాయి, గైడ్లున్నాయి. బతుకుదెరువుకి పనికొచ్చే సమాచారాన్ని గ్రంథాలయం తన సరుకుగా ఎన్నడూ లెక్కెయ్యలేదు. దీని వెనక ఒక భావజాలం ఉంది. చేతిపని చదువు గాదనీ, లాభనష్టాలు సరస్వతికి సంబంధించినవి గావనీ అనుకునే మనుస్మృతి భావజాలమే అలమర రూపంలో నిలబడి ఉంది.

తోలుపని సంగతి తీసుకుందాం. మాదిగలు లందలో తంగేడు చెక్కతో తోలు ఊనే విద్యని తరతరాలు కాపాడారు. ఆ విద్య ఫ్యాక్టరీకి పోయి క్రోమియం ఊనకం వచ్చినాక లంద మూతబడింది. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. 1973లో మన రాష్ట్రంలో తోలు పరిశ్రమల అభివృద్ధికి లిడ్‌క్యాప్ పెట్టారు. పరిశోధన ఇంగ్లీషులో నివేదికలయింది. కార్పొరేషనుకి స్థలాలు మిగిలాయి, వాటిని కాపాడుకోడానికే మాదిగ సంఘాలు కొట్లాడాల్సి వచ్చింది. ఆరె, రంపె పట్టుకున్నవాడి దగ్గరికి ఆ కొత్త జ్ఞానం తిరిగి రాలేదు. కులవృత్తిలోనే ఉండిపొమ్మని ఎవర్నీ అనడం లేదు. ఆ పని వదిలి పోదామన్నవాడికీ, ఆ పనినే పరిశ్రమగా చేద్దామన్నవాడికీ ఇద్దరికీ సమాచారం కావాలి. అది లేకపోతే ఉండడమూ పోవడమూ రెండూ బలవంతమే అవుతాయి.

ఇది సాధ్యమయ్యే పనేనా అనేవాళ్ళకి బయటి దేశాల సంగతి చెప్పాలి. అమెరికాలో నెవార్క్ నగరంలో జాన్ కాటన్ డానా అనే లైబ్రేరియన్ 1904లోనే వ్యాపారస్తుల కోసం ఒక శాఖ తెరిచాడు. డైరెక్టరీలు, మ్యాపులు, వర్తక పత్రికలు తెచ్చి దుకాణాలుండే వీధికి దగ్గర్లో పెట్టాడు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ 2006లో వ్యాపారానికీ మేధోసంపత్తికీ ఒక కేంద్రం పెట్టింది. ఇవి గుడ్డిగా దించుకోవాల్సిన నమూనాలు గావు. ఎవరైనా తలుపు తోసుకుని లోపలికొచ్చి అడుగుతారనే నమ్మకం మీద అవి నడుస్తాయి. మన దగ్గర తలుపు దగ్గరే కులం కూర్చుని ఉంటది. లోపలికొచ్చినా 'నీకెందుకయ్యా ఇవన్నీ' అనే చూపు ఒకటి ఎదురవుతుంది.

అందుకే మన డిమాండు మన తీరులో ఉండాలి. ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఒక వ్యాపార సమాచార బల్ల, ఒక కంప్యూటరు, దానికి జవాబుదారీ అయిన ఒక మనిషి. కూలికి పోయొచ్చినవాడికి కుదిరేలా సాయంత్రం పూట తెరవాలి. రంగనాథన్ 1931లో రాసిన అయిదు సూత్రాల్ని మన లైబ్రేరియన్లు పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు. పాఠకుడి కాలం ఆదా చెయ్యాలని అందులో నాలుగోది చెబుతుంది. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చే పాఠకుణ్ణి తలుచుకుంటేగానీ ఆ సూత్రానికి అర్థం తెలియదు.

ఆ బల్ల మీద ఉండాల్సినవి పెద్ద ఖర్చువేం గావు. 2020 జులై నించి ఉద్యమ్ రిజిస్ట్రేషను ఆధార్, పాన్‌లతో పైసా ఖర్చు లేకుండా అవుతుంది. అయినా మధ్యవర్తులు దానికి డబ్బు గుంజుతున్నారు. గ్రంథాలయంలో కూర్చోబెట్టి చేయించొచ్చు. టెండరు ప్రకటనల్ని రోజూ పేపర్లోంచి, పోర్టళ్ళలోంచి తీసి తెలుగులో బోర్డు మీద అతికించొచ్చు. సరుకు తీసుకున్నవాడు 45 రోజుల్లోపల డబ్బు కట్టాలనీ, కట్టకపోతే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలనీ 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. రిజిస్టరైన చిన్న ఉత్పత్తిదారు బాకీ కోసం ఫెసిలిటేషన్ కౌన్సిలుకి పోవచ్చు. బిల్లు రాక మూతబడిన మనోళ్ళ షెడ్డుకి ఈ ఒక్క కాగితం ప్రాణం పోసేది. ట్రేడ్‌మార్కుకి ఆన్‌లైన్లో 9000 రూపాయలైతే, చిన్న సంస్థకి 4500 చాలు. ప్రాజెక్టు రిపోర్టుల నమూనాలు, తోలుసంస్థ శిక్షణల వివరాలు, ఎస్సీ కార్పొరేషన్ పథకాల నియమాలు, ఇవన్నీ తెలుగులో కావాలి. ఆఫీసు తెలుగు గాదు, చదివితే అర్థమయ్యే తెలుగు. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నించి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పించారు. పడవెక్కిన పుస్తకం వాడకి ఎందుకు రాలేదు, ఇప్పుడైనా ఎందుకు రాదు?

ఒక అభ్యంతరం మన లోపల్నించే వస్తుంది. దళితులు పెట్టుబడిదారులైతే కులం పోతుందా? 2002 భోపాల్ డిక్లరేషన్ నించి, 2005లో పుట్టిన దళిత్ ఛాంబర్ దాకా ఈ చర్చ నడుస్తూనే ఉంది. కొద్దిమంది దళిత కోటీశ్వరుల్ని చూపించి కోట్లమంది పేదరికాన్ని కనబడకుండా చేస్తున్నారని గోపాల్ గురు 2012లో విమర్శించాడు. ఆ విమర్శ సరైనదే. నేనడుగుతున్నది కోటీశ్వరుడి కోసం గాదు, అతనికిప్పుడు ఆడిటరు ఉన్నాడు. టిఫిన్ బండి నడిపే చెల్లెమ్మ కోసం, వెల్డింగు షాపు పెట్టినవాడి కోసం, చెప్పులు కుట్టి సంతలో అమ్మేవాడి కోసం. వీళ్ళు మార్కెట్లోకి పోవాలా వద్దా అని మనం తేల్చేలోపలే వీళ్ళు మార్కెట్లో ఉన్నారు, అక్కడే మోసపోతున్నారు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. బల్ల వేశాం గదా అని సర్కారు అప్పులూ సబ్సిడీలూ ఎగ్గొడితే ఒప్పుకోకూడదు. భూమికీ పెట్టుబడికీ ఉద్యోగానికీ సమాచారం బదులు గాదు, వాటిని దక్కించుకోడానికి చేతికర్ర. ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషిని ఎంచుకోవడంలో దళితుల మాట చెల్లాలి. జిల్లా గ్రంథాలయ సంస్థ కమిటీలు పార్టీ మనుషుల పునరావాసంగా ఉన్నంతకాలం ఇది దానంతటది జరగదు. ప్రతి సంఘమూ తమ జిల్లా సంస్థకి పోయి మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి. మా వాడల నించి ఎంత సెస్సు వచ్చింది? దాంట్లో ఎంత మా వాడల మీద ఖర్చయింది? బతుకుదెరువు సమాచారానికి ఎన్ని రూపాయలు పెట్టారు? సమాచారహక్కు చట్టం 2005 నించి ఉంది, జవాబు ఇవ్వక తప్పదు. ఆ జవాబుల్ని ఒక్కచోట పోగేసి అచ్చేసుకుంటే, మన గ్రంథాలయోద్యమ చరిత్రలో ఇన్నాళ్ళూ రాయని అధ్యాయం అక్కడ్నించే మొదలుపెట్టొచ్చు.