ఆలిస్ పేరు పెట్టిన జబ్బు

మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు ఒక రాత్రి తెలుగు మాటలు వెతుక్కుంటూ, "అమ్మా, నీ మొహం చిన్నదైపోయి దూరం వెళ్ళిపోతోంది. నా చేతులు పెద్దవైపోతున్నాయి" అంది. కథల పుస్తకాలు ఎక్కువయ్యాయని కసిరాను. అది మైగ్రేన్‌తో వచ్చే "ఆలిస్ ఇన్ వండర్‌లాండ్ సిండ్రోమ్" అని తర్వాత తెలిసింది. 1955లో బ్రిటిష్ సైకియాట్రిస్టు జాన్ టాడ్ పెట్టిన పేరది.

అప్పుడు లూయిస్ కారల్ 1865లో వేసిన ఆ పుస్తకం మళ్ళీ చదివాను. కారల్ తన మైగ్రేన్‌నే కథ చేశాడని కొందరంటారు. కానీ కళ్ళముందు కోటగోడలు కదిలాయనీ, ఆపైన తలనొప్పి వచ్చిందనీ ఆయన డైరీలో రాసుకున్నది 1885లో, పుస్తకం వచ్చిన ఇరవయ్యేళ్ళకి. ఊహనంతా జబ్బు ఖాతాలో వేస్తే పుస్తకమే చిన్నదైపోతుంది.

నాకు తట్టిన తేడా వేరు. కుందేలు ఇంట్లో ఆలిస్ పెరిగిపోతే చెయ్యి కిటికీలోంచి బయటికొస్తుంది. బయటివాళ్ళు చూసి గులకరాళ్ళు విసురుతారు. టీ బల్ల దగ్గర టైము ఎప్పుడూ ఆరే, కానీ అక్కడున్న అందరికీ ఆరే. జబ్బులో మాత్రం చేతులు పెరిగినా, కాలం పరిగెత్తినా, నత్తలా పాకినా, తెలిసేది ఆ ఒక్కరికే. సాక్షులుండరు.

అందుకే ఆ పేరు సగమే కుదిరిందనిపిస్తుంది. కుదిరిన సగం గొంగళిపురుగు దగ్గరుంది. ఒక్కరోజులో ఇన్ని సైజులు మారితే అయోమయంగా ఉందని ఆలిస్ చెప్పుకుంటే, అదేం లేదు పొమ్మంటుంది.

ఆ రాత్రి మా ఇంట్లో గొంగళిపురుగుని నేనే.