సేనాని చేతిరాత

1803 నవంబరు 1న ఆర్థర్ వెల్లెస్లీ దండు విడిదిలో కూర్చుని ఒక పెద్ద ఉత్తరం రాశాడు. పన్నెండేళ్ల తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించింది ఈయనే. ఉత్తరం అందుకోవలసినవాడు మనకు బాగా తెలిసినవాడు, అప్పట్లో దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో. మన్రోదీ పటాలమే; 1780లో కుర్ర కేడెట్‌గా మద్రాసులో దిగాడు. సెప్టెంబరు 23న వెల్లెస్లీ మరాఠాలను ఓడించిన అస్సాయి యుద్ధం కబురు విని మన్రో పొగిడి ఊరుకోలేదు. రెండో దండును నడిపిస్తున్న స్టీవెన్సన్ వచ్చి కలవకముందే తలపడడం మీద ఆయనకు సందేహాలున్నాయి. ఈ ఉత్తరం వాటికి సంజాయిషీ.

సేనానుల ఉత్తరాల్లో పనితనం చూడాలనుకునేవాళ్లు ముందుగా చదవాల్సింది దీన్నే అని నా అభిప్రాయం. గెలిచినవాడు ఫిరంగుల మోతతో మొదలుపెడతాడనుకుంటాం. వెల్లెస్లీ అలా చేయలేదు. యుద్ధం తెలిసిన మీ తీర్పు నా వైపు ఉండాలని ఉంది అంటూ ఎదుటివాడిని న్యాయాధిపతి పీట మీద కూర్చోబెట్టాడు. తర్వాత దండును రెండు దారుల్లో ఎందుకు నడపాల్సి వచ్చిందో, 24న తానూ స్టీవెన్సనూ కలిసి దాడి చేయాలని ఎలా అనుకున్నారో చెప్పాడు. హర్కారాలు (వేగులు) శత్రువు బొకర్దన్‌లో ఉన్నాడన్నారు. తీరా చూస్తే అది ఆ ప్రాంతమంతటికీ ఉన్న పేరు. పొరపాటు ఎక్కడ జరిగిందో ఇంత పొదుపుగా చెప్పడం సులువు కాదు. కుడివైపు ముందుదళం దారితప్పి నేరుగా అస్సాయి ఊరి మీదికి పోవడం, దాని వెంట 74వ పటాలం వెళ్లి నలిగిపోవడం కూడా దాచలేదు. ఆ దళాన్ని నడిపిన అధికారిని హోదాతోనే ప్రస్తావించాడు, పేరెత్తలేదు. ఆ ఒక్కరోజులో ఆయన వైపు పదిహేను వందల మందికి పైగా చచ్చారు, గాయపడ్డారు. అయినా ఉత్తరంలో గొంతు వణకదు, పెరగదు.

మాటల పనితనం అచ్చులోనూ కనిపిస్తుంది. చేతి పనితనం కావాలంటే కాగితం దగ్గరికి పోవాలి. ఆనాటి సిరా మనకు కొత్తదేమీ కాదు: మాచికాయ కషాయం, అన్నభేది, కాస్త బంక. రాసినప్పుడు పల్చగా ఉండి, గాలి తగిలాక నల్లబడి, దశాబ్దాలు గడిచాక ఇటుకరంగులోకి దిగుతుంది. బాతు ఈకను ముంచి రాసిన వరుసను భూతద్దంలో చూడండి. ముంచిన వెంటనే అక్షరం ముదురుగా, రెండు మూడు మాటలు పోయేసరికి లేతగా, మళ్లీ ముదురుగా ఉంటుంది. గీత కిందికి దిగేటప్పుడు లావు, పైకి ఎక్కేటప్పుడు సన్నం. దొంగరాత రాసేవాడు అక్షరాన్ని చూసి బొమ్మ గీస్తాడు కాబట్టి ఈ వేగం అందదు. గీతలో వణుకు దొరికిపోతుంది. రాతిఅచ్చు నకలైతే సిరా అంతా ఒకే మందాన పరుచుకుని ఉంటుంది.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టడం మరో పరీక్ష. 1794లో వచ్చిన ఒక చట్టం పుణ్యమా అని ఇంగ్లండు కాగితంలో నీటిగుర్తుతో పాటు సంవత్సరం కూడా పడేది. ఉత్తరం మీద 1799 అని తేదీ ఉండి లోపల 1805 కనిపిస్తే ఇక మాట్లాడేదేముంది!

చెయ్యే సాక్ష్యం చెప్పే సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండు నౌకాసేనాని నెల్సన్ 1797లో కుడిచెయ్యి పోగొట్టుకుని ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. ముందూ వెనకా ఉత్తరాలను పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులు రాసినట్టుంటాయి. నెపోలియన్ ఎక్కువగా చెప్పి రాయించేవాడు. సంతకం కూడా రానురాను కుదించుకుపోయింది. గుమస్తా రాతకు కింద సంతకం వేరు, మొదటి నుంచి చివరిదాకా సొంత చేతిరాత వేరు. పాత ఉత్తరాలు కొనేవాళ్లు ఇచ్చే వెలలో ఉన్న తేడా అంతా అక్కడే.

మన రాయలసీమలోని రుద్రవరం వాళ్లకు ఇదంతా ఎందుకంటారా? మన్రో కలం పాలెగాళ్ల సీమలను తీసేసి పింఛన్లు ఇచ్చింది. అలా సీమ పోగొట్టుకున్న నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మనుమడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడి, కోవెలకుంట్ల ఖజానా కొట్టి, రుద్రవరం మీదుగా మిట్టపల్లి వైపు సాగాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. పాటల్లో మిగిలిన ఆ కథకు తేదీలు, ఊళ్లు సమకూర్చిపెట్టింది కడప కలెక్టరు కాక్రేన్ లాంటి అధికారుల ఉత్తరప్రత్యుత్తరాలే. శత్రువు రాసిన కాగితం కూడా మన చరిత్రకు కావాలి. మన్రో ఉత్తరాలు 1830లో ఆయన జీవితచరిత్ర రాసిన గ్లీగ్ చేతుల మీదుగా మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి.

మీ ఇంటి పెట్టెలో తాత పటాలం నుంచి రాసిన కార్డో, కరణంగారి పాత కట్టో ఉంటే లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. మడతలు మెల్లగా విప్పి, ఎండా తేమా తగలని చోట పరిచి ఉంచండి. రెండువైపులా ఫోటో తీసి, ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో తెలిసినంతవరకు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఇప్పుడే రాసిపెట్టండి.