సాక్ష్యం ఇస్తేనే రక్షణా?

వలసపోయిన బాధితులు పోలీసుల దగ్గరికెళ్తే వాళ్లకి రక్షణ ఉంటుందా? ఉంటుందనే అమెరికా 2000లో 'యు' వీసా చట్టం చేసింది. ఆ మాటని మన ఊరి వైపు నుంచి చూడాలి.

1999 నవంబరులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, లకిరెడ్డి బాలిరెడ్డికి చెందిన అద్దె ఇంట్లో విషవాయువు పీల్చి ఒక తెలుగు బాలిక చనిపోయింది. అతనిది అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం. పేద, దళిత కుటుంబాల ఆడపిల్లల్ని దొంగ కాగితాలతో తీసుకెళ్లి చాకిరీ చేయించాడు, లైంగికంగా వాడుకున్నాడు. 2001లో నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల శిక్ష పడింది.

ఈ సంగతి బయటికొచ్చింది ఆ పిల్లల ఫిర్యాదుతో కాదు. దారినపోతున్న ఒక మహిళ అనుమానపడింది. బడి పత్రిక నడిపే విద్యార్థులు రాశారు. పిల్లలెందుకు నోరు విప్పలేదో మనకి ఒకరు చెప్పాలా? భాష రాదు. కాగితాలు దొంగవి. అమ్మానాన్నలున్నది కామందు ఊళ్లో. సముద్రం దాటినా కులం వెంటే వచ్చింది.

ఈ భయానికి 'యు' వీసా ఇచ్చే జవాబేమిటి? బాధితురాలు దర్యాప్తుకి తోడ్పడాలి. తోడ్పడిందని పోలీసో, ప్రాసిక్యూటరో, జడ్జో సంతకం చెయ్యాలి. చేసి తీరాలని ఫెడరల్ చట్టంలో లేదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలే తర్వాత గడువులు పెట్టాయి. నిబంధనలు రావడానికే 2007 దాకా పట్టింది. బాధితులకిచ్చే వీసాలు ఏడాదికి 10,000కి మించవు. అందుకే ఏళ్ల తరబడి ఎదురుచూపులు. బాధితురాలికి 21 ఏళ్లు నిండితే ఆమె తల్లిదండ్రులకి ఇందులో చోటు లేదు. ఊళ్లో వాళ్ల మీద పగ తీర్చుకుంటే ఏ వీసా ఆపుతుంది?

ఈ చట్టం పనికిరాదని అనడం లేదు. ఎందరికో అది ఊపిరి. కానీ అందులో రక్షణ హక్కు కాదు, పోలీసులకి పనికొచ్చినందుకు దక్కే ప్రతిఫలం.

మన అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో చేరిన 15ఎ సెక్షను వేరే దారి చూపింది. బాధితుల్ని, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లని, సాక్షుల్ని బెదిరింపుల నుంచి కాపాడటం రాజ్యం బాధ్యత అంది. అమలు సంగతి వాడల్లో అందరికీ తెలుసు. అయినా సూత్రం సరైంది.

ముందు రక్షణ, ఆ తర్వాతే సాక్ష్యం. అక్కడా ఇక్కడా మనం అడగాల్సింది ఇదే.